సాలు మలుపులో ఊపిరి

నా దగ్గర డెబ్బై రెండు మెగాబైట్ల బరువుంది. పన్నెండేళ్లుగా మోస్తున్నాను.

నవ్వితే నవ్వండి. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఈ రోజుల్లో డెబ్బై రెండు మెగాబైట్లంటే ఎవరో బంధువు ఫోనుకు పంపే పెళ్లి వీడియోకు కూడా చాలవు. గోరంత కార్డులో అలాంటివి వందలు పడతాయి. ఇది నాలుగు నిమిషాల పది సెకన్ల పాట, అంతే. నిజం చెప్పాలంటే నన్ను నొక్కేస్తున్నది పాట కూడా కాదు. చరణానికీ చరణానికీ మధ్య ఒకామె పీల్చుకునే గాలి. గాలికి బరువుంటుందని ఏటేటా పిల్లలకు పాఠం చెబుతాను, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ నాది. ఎంతుంటుందో మాత్రం పాఠంలో లేదు.

పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాత్రం ధైర్యం అందుకే వచ్చింది. మీరు వింటే చాలు. కథంతా వినడం గురించే.

మేం నలుగురం. ఎనిమిది చెవులం. ఉరవకొండలో రసూల్‌కు ఫోటో స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలు తీస్తాడు. ఆ స్టూడియో పైగదిలో నెలకో ఆదివారం మధ్యాహ్నం కూడేవాళ్లం. బెళుగుప్ప నుంచి ఓబులేసు వచ్చేవాడు, అతనిది మైకుసెట్ల వ్యాపారం. రాయదుర్గం నుంచి తిప్పేస్వామి వచ్చేవాడు, అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో టైలరు. ఇక నేను. మాకు పాటల పిచ్చి అని చుట్టుపక్కల అనుకునేవారు. పాటలది కాదు, చప్పుళ్లది. జేబులో పట్టే డిజిటల్ రికార్డర్లంటే చెవి కోసుకునేవాళ్లం, అవి వినడానికే చెవులు కావాలన్న సంగతి మరిచి. ఏ రికార్డరులో ఉస్సుమనే చప్పుడు తక్కువ, పదహారు బిట్లు చాలునా ఇరవై నాలుగు కావాలా, వేవ్‌లో ఉంచాలా ఎంపీత్రీ చేసుకోవాలా. టీ చల్లారిపోయేది. మా వాదన చల్లారేది కాదు.

ఈ వేవ్, ఎంపీత్రీ గొడవ తెలియనివాళ్లకు ఓబులేసు ఒక మాటలో చెప్పేవాడు. వేవ్ అంటే వేరుశనగచెట్టును మన్నుతో, వేరుతో, ఆకుతో సహా పీకి ఇంటికి తెచ్చుకోవడం. ఎంపీత్రీ అంటే చేలోనే కాయలొలిచి, గింజలు మూట కట్టుకుని, తక్కిందంతా గాలికి వదిలేయడం. మూట చిన్నదవుతుంది. గింజలు ఉంటాయి కాబట్టి చాలామందికి తేడా తెలియదు. కానీ వదిలేసింది మళ్లీ రాదు. మా గుంపులో మొదటిదాన్ని ‘నష్టం లేనిది’ అనీ, రెండోదాన్ని ‘నష్టం ఉండేది’ అనీ పిలిచేవాళ్లం. అనంతపురం జిల్లాలో నష్టమనే మాటను ఇంత ముద్దుగా వాడుకున్నవాళ్లు మేం తప్ప ఇంకెవరూ ఉండరు.

నలుగురిలో చదువు నాది. రికార్డరు ఖరీదైనదీ నాదే. చెవులు మాత్రం తిప్పేస్వామివి.

ఇది ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది, తక్కినది సరే సరి. రోజంతా నలభై కుట్టుమిషన్ల మధ్య కూర్చునే మనిషికి అంత సన్నటి వినికిడి ఎలా వచ్చిందో! బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన పాత రికార్డరు అతనిది. మా పక్కన గాలి ఎలాంటిదో మీకు తెలియాలి, ఊరికే గాలిమరలు నాటలేదు కదా. మైకు బయటపెడితే పాట రాదు, గాలే వస్తుంది. అంగట్లో దొరికే స్పాంజి తొడుగులు ఆ గాలికి ఒక లెక్క కాదు. తిప్పేస్వామి పాత గొర్రెబొచ్చు కంబళి ముక్క కత్తిరించి, మైకుకు కుల్లాయిలా కుట్టాడు. గాలి ఆగిపోయింది. నలుగురికీ నాలుగు కుట్టి ఇచ్చాడు. నేను దాని వెనక సూత్రం ఏమిటో అరగంట వివరించాను. అతను కుట్టాడు, నేను వివరించాను. మా ఇద్దరి మధ్య తేడా అంతే, అంత.

ఆ ఏడు ఒక వాన కురిసింది. ఒక వాన అని ఏకవచనంలోనే అంటున్నాను, ఆ ఏడు లెక్క అదే. మా మేడమీద రేకుల కింద కూర్చుని రికార్డు చేశాను. తీరా చూస్తే రికార్డరు ఎంపీత్రీలో ఉండిపోయింది, మార్చడం మరిచాను. మళ్లీ వాన ఎక్కడ తెచ్చేది? దాన్నే కంప్యూటర్లో వేవ్‌గా మార్చాను. ఒలిచిన గింజలకు మళ్లీ పొట్టు అతికించినట్టు. ఫైలు పెద్దదవుతుంది, పోయింది రాదు. అది తెలిసే, ఇరవై నాలుగు బిట్ల వాన అని గొప్పగా పేరు పెట్టి, ఆదివారం ముగ్గురికీ వినిపించాను. రసూల్, ఓబులేసు ఆహా అన్నారు. తిప్పేస్వామి హెడ్‌ఫోన్లు తీసి, నన్ను నొప్పించకూడదని కాబోలు, నేల చూస్తూ చెప్పాడు. ఇది ముందు ఎంపీత్రీ, ఆమీద వేవ్ చేసినట్టుంది, చినుకు మొనలు పోయి ఉడకబెట్టిన అలసందల మాదిరి మెత్తబడ్డాయి అని.

గదిలో నవ్వు. ఓబులేసు ఆ తర్వాత రెండు నెలలు నన్ను ‘దొంగ వాన సార్’ అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు బాగానే నవ్వాననుకున్నాను. ఇంటికెళ్లి బస్సు దుమ్ము కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కానీ దానికి పళ్లు మొలిచాయి.

ఇంత చిన్నదానికా అని మీరు అడగాలి. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఒకడు అన్నం లాక్కున్నాడనో, ఆలిని తిట్టాడనో పగబడితే అర్థముంది. చినుకు మొనలు పోయాయన్నందుకా? అవును. అందుకే. మనిషి ఎంత చిన్నవాడో కొలవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

తిప్పేస్వామి కార్డులో పన్నెండు పాటలుండేవి. అన్నీ అతని పెళ్లాం మారెక్క పాడినవి. బెళుగుప్ప దగ్గర వాళ్లకు రెండెకరాల మెట్ట. ఎద్దులు గొర్రు లాగుతుంటే, వెనక నడుస్తూ గొర్రుకుండే వెదురు గొట్టాల్లోకి శనగ గింజలు వదిలేది మారెక్క. వదులుతూ పాడేది. గింజలు గొట్టాల్లో టిక్కుటిక్కుమంటూ జారే చప్పుడు కింద, ఆమె గొంతు పైన. సాలు చివర ఎద్దులు మలుపు తిరిగేటప్పుడు పాట ఆగేది. అక్కడ ఆమె ఒకసారి ఊపిరి పీల్చుకునేది. పొడవుగా, ముక్కుతో, దుమ్మూ పదునూ కలిపి. మళ్లీ ఎత్తుకునేది. అంతకు కొన్నేళ్ల ముందు, సమయానికి వాన పడి విత్తనం వేసిన ఒక్క ఏడాదే తిప్పేస్వామి గట్టు మీద కూర్చుని అదంతా పట్టుకున్నాడు. వేవ్‌లో, మన్నుతో, వేరుతో సహా. తరువాతి ఏడాది మారెక్క గొంతులో గడ్డకు ఆపరేషనయింది. గడ్డ నరాన్ని చుట్టుకుని ఉందట. గడ్డతో పాటు గొంతూ పోయింది. ఆ తర్వాత ఆమె మాట్లాడితే ఎండుటాకు కదిలినట్టుండేది, దగ్గర కూర్చుంటేనే వినపడేది. పాట ఇక లేదు.

తిప్పేస్వామి ఆ కార్డును మిషను బాబిన్లు పెట్టుకునే చిన్న రేకుడబ్బాలో, దూది మధ్య దాచుకుని తిరిగేవాడు.

పందెం నేనే పెట్టాను. మాట జారి పెట్టింది కాదు, వారం ఆలోచించి పెట్టాను. నీకు అంత వినపడుతుందా, సరే, పరీక్ష పెడతాను. ఒకే పాట రెండు రకాలుగా వినిపిస్తాను, ఒకటి నీ వేవ్, ఒకటి సెకనుకు అరవై నాలుగు కిలోబిట్లకు నొక్కేసిన ఎంపీత్రీ. ఏది ఏదో చెప్పాలి. నువ్వు గెలిస్తే నా వాన దొంగ వాన అని గుంపు ముందు కాగితం రాసి సంతకం పెడతాను. ఓడితే నీ కార్డంతా అరవై నాలుగు చేసేయాలి, అసలు ఉంచుకోకూడదు. రసూల్ ఇదేం పందెమని గొణిగాడు. తిప్పేస్వామి డబ్బా వైపు ఒకసారి చూశాడు. తర్వాత నవ్వాడు. ఏ పాట పెడతావని అడిగాడు. మారెక్క పాటే అన్నాను.

“నా పెండ్లాం ఊపిరి నాకి తెలీదా అన్నా?” అని కార్డు నా చేతిలో పెట్టాడు.

ఒక వారం అది నా దగ్గర ఉంది. మొదటి పాటను నా లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. వేవ్, డెబ్బై రెండు మెగాబైట్లు. దాన్ని నొక్కితే రెండు మెగాబైట్ల ఎంపీత్రీ వచ్చింది. విన్నాను. నాకే తెలిసింది, నాకే! గింజల టిక్కుటిక్కు నీళ్లలో పడ్డట్టయింది. మలుపు దగ్గర ఊపిరి లేదు. ఆమె సాలు చివర ఊపిరి తీసుకోకుండానే ఎడతెగక పాడుతోంది, ఊపిరి అక్కర్లేని మనిషిలా. అంటే అతను గెలుస్తాడు. ఒక్క సెకనులో గెలుస్తాడు.

అప్పుడు చేసిన పని ఇది. ఇంకా సాగదీయను. ఎంపీత్రీకే ఇంకో నకలు తీశాను. ఒకదానికి ‘మొదటిది’, ఇంకోదానికి ‘రెండోది’ అని పేరు పెట్టాను. వేవ్‌ను వేరే చోట దాచాను.

ఆదివారం వచ్చింది. లాప్‌టాప్ తెర నా వైపు తిప్పుకున్నాను. హెడ్‌ఫోన్లు చేతులు మారాయి. రసూల్ కళ్లు మూసుకుని విని రెండోదే వేవ్ అన్నాడు. ఓబులేసు వినడానికి ముందే రసూల్ మొహం చూసి, విన్న తర్వాత రెండోదే అన్నాడు. వాళ్లు మొదటిది అని ఉంటే నా జవాబు కూడా మొదటిదే అయ్యేది. చెవిలో పువ్వు పెట్టడం అంటారే, ఆ వేళ నేను తోటే పెట్టాను.

తిప్పేస్వామి మూడుసార్లు విన్నాడు. మూడోసారి హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుని విన్నాడు. తీసి మెడమీదికి దించుకున్నాడు. భయపడుతున్నవాడిలా కాదు, ఏదో పొరపాటు జరిగిందని మర్యాదగా చెప్పేవాడిలా అన్నాడు:

“రెండూ ఒకటేనన్నా. రెండూ ఎంపీత్రీనే. ఆమె గాలి పీల్చుకునేది దేంట్లోనూ ల్యా.”

మీకు చెబుతున్నాను కదా, పట్టుకున్నాడు. నలభై మిషన్ల మధ్య కూర్చునే మనిషి, మూడుసార్లు విని, నా దొంగతనం మొత్తం ఒక్క వాక్యంలో చెప్పేశాడు. తెర అతని వైపు తిప్పి, నువ్వే గెలిచినావప్పా అని నవ్వేస్తే అయిపోయేది. వెక్కిరించేవాళ్లు. రెండు నెలలు. పోనీ ఆర్నెల్లు. అంతేగా?

“ఉండాది తిప్పేస్వామీ,” అన్నాను. “నీకే ఇనపడల్యా.”

“ఇనపడల్యా?” అన్నాడు. మిగతా ఇద్దరి వైపు తిరిగాడు. “మీకి ఇనపడిందాప్పా, ఆమె ఊపిరి?”

రసూల్ టీ గ్లాసులోకి చూస్తూ, “ఆఁ, రెండోదాంట్లో ఉండె కదా,” అన్నాడు. వాళ్లకు ఏమీ వినపడలేదు, వినపడటానికి ఏమీ లేదు. కానీ లేదంటే వాళ్లూ చెవిటివాళ్ల జమలోకే పోతారు. ఓబులేసు ఇంకో అడుగు వేశాడు. “నాకైతే చెవిలో ఊదినట్టు ఇనపడిందప్పా. నీ చెవులు మిషన్లు తినేసినాయి. ఇంగ అవి కమ్మలు పెట్టుకునేకే.”

నవ్వారు. నేను కూడా. నవ్వి ఊరుకున్నానా? లేదు. అప్పటికి సిద్ధం చేసుకున్న మాట ఒకటి నాలుక మీదే ఉంది, వదలకపోతే నిద్రపట్టేది కాదు. “నీ చెవులకి అరవై నాలుగే శానా ఎక్కువలేప్పా. ఊరికే కార్డు దండగ,” అన్నాను.

తిప్పేస్వామి ఒక చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. రెండో చెవిలోనూ. గుమిలి అడ్డుపడిందేమో చూసుకునే మనిషిలా.

రసూల్ వదిలేయండప్పా, పందెం ఊరికే అన్నాం అన్నాడు. నేను గమ్మునున్నాను. గమ్మునుండటమూ ఒక పనే, ఎంతో ఓపిక కావాలి దానికి. తిప్పేస్వామే ఒప్పుకోలేదు. మాటంటే మాట అన్నాడు. తప్పు తనదైతే ఒప్పుకునే మనిషి. ఆ మంచితనం మీద నాకు ముందే లెక్క ఉంది. రసూల్ కంప్యూటర్లో కార్డు పెట్టి, పన్నెండు పాటలూ అరవై నాలుగుకు నొక్కి, కార్డు తుడిచేసి, నొక్కినవి తిరిగి ఎక్కించాను. నా చేత్తోనే. తెర మీద పచ్చటి పట్టీ ఎడమ నుంచి కుడికి నిండుతూ పోయింది. ఆ ఏడాది మా జిల్లాలో పచ్చగా పెరిగింది అదొక్కటే. పన్నెండుసార్లు నిండింది. పన్నెండుసార్లు ఆపగలిగి ఉండేవాణ్ని. తిప్పేస్వామి నా భుజం వెనక నిలబడి చూస్తున్నాడు. కార్డు తీసి ఇస్తే దూదిలో పెట్టి డబ్బా మూసుకున్నాడు. థాంక్స్ అన్నా అన్నాడు.

ఇంటికొచ్చాక చూసుకుంటే నా లాప్‌టాప్‌లో ఆ ఒక్క వేవ్ మిగిలి ఉంది. పరీక్ష కోసం దించుకున్నది. పదకొండు పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి నా దగ్గర.

మర్నాడే ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వడమంటే చెప్పడమే. విన్న మరుక్షణం అతనికి తెలిసిపోతుంది, తన చెవుల సంగతీ, నా సంగతీ. మొదటి వారం అతని కోపానికి భయపడ్డాను. తరువాత అతను కోప్పడకపోతే ఏం చేయాలా అని భయపడ్డాను. తరువాత అలవాటు పడ్డాను.

మూడు నెలలకు తిప్పేస్వామి అనంతపురం వెళ్లి చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. తిరిగివస్తూ మా ఇంటికొచ్చాడు. డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి సన్నటి కూతలు వినిపించాడట, అన్నీ వినపడ్డాయట, చెవులు బాగున్నాయని కాగితం రాసిచ్చాడట. ఆ కాగితం నా ముందు పెట్టాడు. నేను చదివాను. నేను ఫిజిక్స్ వాణ్ని, ఆ గీతలు నాకు అర్థమవుతాయి. గీత అడ్డంగా, తిన్నగా, బద్ద పెట్టి గీసినట్టు ఉంది. నా జీవితంలో అంత మంచి చెవులను కాగితం మీద చూడలేదు.

కూత వినపడితే ఏం లాభమన్నా, ఊపిరి వినపడనప్పుడు అన్నాడు. డాక్టరుకు పాటల సంగతి తెలియదు, నీకు తెలుసు అన్నాడు. నా మాట ముందు డాక్టరు కాగితం ఓడిపోయింది.

“మా ఆడది గూడా ల్యా అంటాదన్నా. పాటలో ఊపిరి ల్యా, నీ చెవులు బాగుండాయి అంటాది. నన్ను ఓదార్చేకి,” అని నవ్వాడు.

ఆమెకూ తెలిసిందన్నమాట. అతనికి తెలిసింది, ఆమెకు తెలిసింది, డాక్టరుకు తెలిసింది. వాళ్లందరి మీదా నా ఒక్క అబద్ధం గెలిచింది. కాఫీ ఇచ్చి పంపించాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగినట్టున్నాను.

ఆ తరువాతివి నేను చూడలేదు, ఓబులేసు చెబితే విన్నాను. ఒకసారి నవ్వుతాలుగా చెప్పాడు, ఇంకోసారి నవ్వకుండా. మిగిలిన వినికిడినైనా కాపాడుకోవాలని తిప్పేస్వామి చెవుల్లో దూది పెట్టుకుని మిషను మీద కూర్చునేవాడట. అప్పటికీ ధైర్యం చాలక, మిషను వదిలేసి, కుట్టిన ప్యాంట్లకు దారపు మొనలు కత్తిరించే పని అడిగి తీసుకున్నాడట. ఇరవై ఏళ్ల టైలరు, కొత్తగా చేరిన ఆడపిల్లల పక్కన పీట మీద కూర్చుని కత్తెర పట్టుకున్నాడు. రికార్డరు ఎవరికో ఇచ్చేశాడు. మా ఆదివారాలకు రావడం మానేశాడు. ఇంట్లో మారెక్క ఏదైనా చెబితే, అసలే ఎండుటాకు గొంతు, ఏమీ ఏమీ అని అడిగేవాడట. ఆమె మళ్లీ చెప్పేది. గొంతు నొప్పి పుట్టేదాకా చెప్పేది. నిజంగా వినపడక అడిగాడా, వినపడదని నమ్మి అడిగాడా? నాకు తెలియదు. ఏళ్ల తరబడి పోయాయనుకున్న చెవులు ఉండి మాత్రం ఏం చేస్తాయి? చివరికి ఆమె చెప్పడం మానుకుందట. అతన్ని పిలవాలంటే అన్నం తినే తట్ట మీద గ్లాసుతో కొడుతుందట. ఒకటి కొడితే అన్నం, రెండు కొడితే ఎవరో వచ్చారు.

చినుకు మొనలు పోయాయి అన్నందుకు.

పోయిన నెల నా పాత లాప్‌టాప్ చచ్చేలా అయింది. తెర వణుకుతోంది. మొదట నాకు కలిగింది ఏమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు, చెబుతాను. హాయి. ఇది పోతే ఆ వేవ్ పోతుంది, అది పోతే నేను చేసినదానికి గుర్తు లేదు. రెండు రోజులు ఆ హాయితో తిరిగాను. మూడో రోజు పాఠం మధ్యలో ధ్వని గురించి చెబుతూ, చెబుతున్నది ఏమిటో మరిచిపోయి నిలబడ్డాను. పిల్లలు నవ్వారు. సాయంత్రం ఆ ఫైలును ఒక కార్డులోకి ఎక్కించి, రికార్డరులో పెట్టుకుని, ఆదివారం పొద్దున రాయదుర్గం బస్సెక్కాను. అంతా చెప్పేయాలనే వెళ్లాను. ఇది మాత్రం నమ్మండి. నమ్మకపోయినా సరే.

తిప్పేస్వామి తల నెరిసింది. గట్టిగా మాట్లాడుతున్నాడు, గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు. నా రికార్డరు మీద కంబళి కుల్లాయి చూసి, ఇంకా ఉండాదే ఇది అని నిమిరాడు. కుట్టు ఊడిన చోట గోటితో సరిచేశాడు. బస్సులో ఇరవైసార్లు చెప్పుకున్న మాటకు బదులు, పాట తెచ్చానన్నాను, అరిచి. నాకేం వినపడుతుందన్నా, ఆమెకు పెట్టు అన్నాడు.

మారెక్క చేతులు కొంగుకు తుడుచుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నేల మీద కూర్చుంది. నేను మీట నొక్కాను. పాట నాకు వినపడటం లేదు, కానీ అక్షరం అక్షరం తెలుసు. ఆమె మొహం చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాను. మొదటి సాలు. ఎద్దుల గంట. మలుపు. సరిగ్గా అక్కడ, మలుపు దగ్గర, ఆమె రొమ్ము పైకి లేచింది. తనకు తెలియకుండానే ఊపిరి పీల్చుకుంది, పొడవుగా, ముక్కుతో. ఫైలులో ఉన్న మనిషీ, ఎదురుగా ఉన్న మనిషీ ఒకేసారి.

చివరిదాకా విన్నది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. ఎండుటాకు కదిలినట్టు అడిగింది:

“ఇన్ని దినాలు యాడ పెట్టుకోని ఉంటివన్నా దీన్ని?”

నాకు స్పష్టంగా వినపడింది. జీవితంలో నా చెవులు అంత బాగా పనిచేసింది ఆ ఒక్కసారే.

“ఏమంటాంది?” అన్నాడు తిప్పేస్వామి పక్కనుంచి, గట్టిగా.

మళ్లీ అదే గది, అదే తెర, అదే క్షణం నా ముందుకొచ్చి నిలబడింది. ఇంత వరం ఎవరికి దొరుకుతుంది? చేసిన తప్పు పన్నెండేళ్ల తరువాత వెనక్కి వచ్చి, ఇదిగో ఈసారి సరిగా చెయ్ అని అడగడం.

“బాగుండాదంటాంది,” అన్నాను.

అతను తల ఊపి నవ్వాడు. మారెక్క నవ్వలేదు. రికార్డరు చేతిలోకి తీసుకుని, కార్డు ఎక్కడుందో వెతికి, గోటితో పైకి లాగి, కొంగు చివర ముడి వేసుకుంది. నన్ను అడగలేదు. లేచి లోపలికి వెళ్లి, గ్లాసుతో తట్ట మీద ఒకసారి కొట్టింది. అన్నం. నాకూ పెట్టింది. తిన్నాను.

ఆమె అతనికి చెప్పిందో లేదో తెలియదు. చెబితే అతను విన్నాడో లేదో, విన్నా నమ్మాడో లేదో తెలియదు. ఓదార్చేకి అనుకున్నాడేమో. కార్డు ఇచ్చేసి వస్తే తేలికవుతుందనుకున్నాను. డిజిటల్‌తో వచ్చిన చిక్కే ఇది, ఇచ్చేసినా మన దగ్గర ఉన్నది మన దగ్గరే ఉంటుంది. లాప్‌టాప్ ఇంకా చావలేదు.

అందుకని మీకు చెబుతున్నాను. నష్టం లేకుండా, ఏదీ నొక్కకుండా. ఆ రోజు ఆ గదిలో ఎనిమిది చెవులున్నాయి. సరిగా విన్నవి రెండే, వాటిని చెవిటివని నమ్మించింది నేను. ఆ రెండు ఫైళ్లూ ఒకటే. తిప్పేస్వామి చెప్పింది నిజం.

ఈ మాట రాసి, కలం పక్కన పెట్టి, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అది మీకు వినపడి ఉండదు. కానీ ఉంది.